వరంగల్‌లో కస్టమ్స్ బాండెడ్ గోడౌన్ నడపడం ఎలా?

కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగింది. గీసుగొండ, సంగెం మండలాల వైపు ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లు లేచాయి. కొరియా కంపెనీ యంగ్‌వన్ కూడా అక్కడికి వచ్చింది. ఇలాంటి ఫ్యాక్టరీలు యంత్రాలు, విడిభాగాలు, రంగులు, బట్టకు కుట్టే చిన్న చిన్న సామాన్లు విదేశాల నుంచి తెప్పించుకుంటాయి. దిగుమతి సుంకం, అంటే డ్యూటీ కట్టి విడిపించుకునే దాకా ఆ సరుకును ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంచాలి. అలా ఉంచడానికి కస్టమ్స్ వాళ్లు లైసెన్సు ఇచ్చిన గోడౌనే బాండెడ్ గోడౌన్. ఓడరేవు దగ్గర ఉంచితే రోజులు గడిచేకొద్దీ చార్జీలు పెరుగుతాయి. వరంగల్‌లోనే ఒక గోడౌన్ తీసుకుని ఈ పని చేయవచ్చా అంటే, నిక్షేపంగా చేయవచ్చు. మన దగ్గర గోడౌన్లకు కొదవ లేదు, వాటిని నడిపిన అనుభవమూ ఉంది.

అయితే దీన్ని అద్దె వ్యాపారం అనుకుని దిగొద్దు. అద్దె ఇందులో చిన్న సంగతి. డ్యూటీ కట్టని సరుకు మీ తాళం కింద ఉన్నంతకాలం దానికి జవాబుదారీ మీరే. అనుమతి లేకుండా సరుకు బయటికి పోతే డ్యూటీ, వడ్డీ, జరిమానా లైసెన్సుదారు నుంచి వసూలు చేయవచ్చని కస్టమ్స్ చట్టం, 1962లోని 73ఎ సెక్షన్ చెబుతుంది. కోటి రూపాయల యంత్రం ఉంచినందుకు మీకు వచ్చే అద్దె వేలల్లో ఉంటుంది. అది కనబడకుండా పోతే మీ మీద పడేది లక్షల్లో. కాబట్టి కింద చెప్పేదంతా ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది: ఏ పెట్టె ఎప్పుడు వచ్చింది, ఎక్కడుంది, ఏ కాగితం మీద బయటికి పోయింది అని ఎవరు ఏ రోజు అడిగినా చూపించగలగాలి.

ముందు ఏ లైసెన్సో తేల్చుకోండి

కంటైనర్లు నేరుగా వచ్చి దిగే ఇన్‌లాండ్ కంటైనర్ డిపో, కంటైనర్ ఫ్రైట్ స్టేషన్ ఒక రకం. అక్కడ సరుకును కాపాడేవారిని కస్టోడియన్ అంటారు. చట్టంలోని 45వ సెక్షన్, 2009 నాటి కస్టమ్స్ ఏరియా కార్గో నిబంధనలు వారికి వర్తిస్తాయి. దీనికి ఎకరాల కొద్దీ స్థలం, కంటైనర్లు ఎత్తే భారీ యంత్రాలు, ఢిల్లీ స్థాయి అనుమతులు కావాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇది మోయలేని బరువని నా అభిప్రాయం.

రెండోది బాండెడ్ వేర్‌హౌస్. ఇందులో మళ్లీ మూడు రకాలున్నాయి. 57వ సెక్షన్ కింద పబ్లిక్ వేర్‌హౌస్, అంటే ఏ దిగుమతిదారు సరుకైనా ఉంచుకోవచ్చు. 58 కింద ప్రైవేట్ వేర్‌హౌస్, లైసెన్సు తీసుకున్నవాళ్లు తమ సరుకు ఉంచుకోవడానికి. 58ఎ కింద స్పెషల్ వేర్‌హౌస్, బంగారం, డ్యూటీ ఫ్రీ షాపుల సరుకు లాంటివాటికి. ఇతరుల సరుకు దాచి అద్దె తీసుకోవాలంటే మీకు కావలసింది పబ్లిక్ వేర్‌హౌస్ లైసెన్సు.

దీనితో ఇంకో వెసులుబాటు వస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్ వాళ్లకు ఇచ్చే పత్రం) వేశాక కూడా ఏదో కారణంగా సరుకు త్వరగా విడిపించుకోలేని దిగుమతిదారులు ఉంటారు. 49వ సెక్షన్ కింద వాళ్లు అనుమతి అడిగితే, ఆ సరుకును పబ్లిక్ వేర్‌హౌస్‌లో 30 రోజుల దాకా తాత్కాలికంగా ఉంచనిస్తారు. కమిషనర్ మరో 30 రోజుల చొప్పున పొడిగించవచ్చు. ఇలా వచ్చిన సరుకుకు వేర్‌హౌసింగ్ అధ్యాయంలోని నిబంధనలు వర్తించవు. అందుకే దీనికి వేరే రిజిస్టరు, వేరే గడి పెట్టండి. బాండ్ సరుకుతో కలిపేస్తే ఏ పెట్టెకు ఏ గడువో తేల్చలేక తల పట్టుకోవాల్సి వస్తుంది.

స్థలం చూసేటప్పుడు

వరంగల్‌లో గోడౌన్ అంటే ఎక్కువగా పత్తికో మిర్చికో కట్టినవే. ఎనుమాముల చుట్టూ అలాంటివి ఎన్నో. అద్దె తక్కువని మిర్చి గోడౌన్ తీసుకుంటే ఘాటు గోడల్లోనే ఉండిపోతుంది, గార్మెంట్ సరుకుకు ఆ వాసన అంటుకుంటుంది. పత్తి గోడౌన్‌లో దూది పీచు దూలాల మీద, వైరింగ్ మీద పేరుకుని ఉంటుంది. నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. తీసుకోవాలనుకుంటే ముందు పూర్తిగా కడిగించి, సున్నం వేయించి, వైరింగ్ మొత్తం మార్పించండి. పక్క షట్టర్‌లో ఇంకొకరి పత్తి ఉంటే మాత్రం ఆ స్థలం వదిలేయండి.

వాన సంగతి ఇంకా ముఖ్యం. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మనమంతా చూశాం. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న నేల ఇది. నీళ్లకు తమ దారి తెలుసు. శిఖం భూమిలోనో నాలా పక్కనో కట్టిన షెడ్డు ఎంత చవకగా వచ్చినా వద్దు. చెరువు పూర్తి నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఇరిగేషన్ మ్యాపులో చూడండి, ఆ ఊరి పెద్దమనుషులను కూడా అడగండి. గోడౌన్ నేల రోడ్డు కంటే ఎత్తులో ఉండాలి. లారీ డాలా మట్టానికి ప్లాట్‌ఫాం ఉంటే దించడమూ తేలిక, వరద భయమూ తక్కువ.

రోడ్డు విషయానికొస్తే హైదరాబాద్ నుంచి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారికి దగ్గరగా ఉంటే మంచిది. నలభై అడుగుల కంటైనర్ లోపలికి వచ్చి తిరిగి వెళ్లేంత జాగా ఉందో లేదో నిజంగా ఒక బండి తెప్పించి చూసుకోండి. కరీంనగర్ వైపు పార్టీలు కూడా మీకు రావాలంటే 563 వైపు దారి సంగతీ ఆలోచించండి.

ప్రహరీ, గట్టి తలుపులు, సీసీ కెమెరాలు, రాత్రింబవళ్లు కాపలా, నిప్పు ఆర్పే ఏర్పాట్లు, అగ్నిమాపక శాఖ కాగితం, ఇవి లేకుండా కస్టమ్స్ వాళ్లు వచ్చి చూసినా లాభం లేదు. ఇంటర్నెట్ రెండు కంపెనీలది పెట్టించండి. కరెంటు పోయినా కెమెరా, కంప్యూటర్ నడిచేలా ఇన్వర్టర్ ఉండాలి.

దరఖాస్తు

తెలంగాణకు సంబంధించి హైదరాబాద్ కస్టమ్స్ కమిషనరేట్ చూస్తుంది. 2024 నుంచి వేర్‌హౌస్ లైసెన్సు దరఖాస్తును కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేసే ఏర్పాటు వచ్చింది. పబ్లిక్ వేర్‌హౌస్ లైసెన్సింగ్ రెగ్యులేషన్స్, 2016 ఒకసారి మొత్తం చదవండి. చిన్నదే, అయినా మీ బతుకంతా అందులోనే ఉంటుంది.

దరఖాస్తుదారు భారత పౌరుడో ఇక్కడ రిజిస్టరైన సంస్థో అయి ఉండాలి. దివాలా తీసినవాళ్లకు, కస్టమ్స్ లాంటి చట్టాల కింద నేరం చేసి శిక్షపడినవాళ్లకు ఇవ్వరు. షెడ్యూల్డ్ బ్యాంకు నుంచి సాల్వెన్సీ సర్టిఫికెట్, అంటే బాకీలు తీర్చే స్తోమత ఉందనే పత్రం కావాలి. ఇన్సూరెన్సు దగ్గర చాలామంది తడబడతారు. మామూలు ఫైర్ పాలసీ చాలదు. ప్రకృతి వైపరీత్యాలు, అల్లర్లు, అగ్ని, దొంగతనం, సరుకులోంచి కొంచెం కొంచెంగా కాజేయడం, ఇవన్నీ వచ్చే ఆల్ రిస్క్ పాలసీ తీసుకోవాలి. అది భారత రాష్ట్రపతి పేరున ఉండాలి. మీరు ఉంచబోయే సరుకు మీద పడే డ్యూటీకి సరిపడా మొత్తానికి ఉండాలి. గమనించండి, ఇది సర్కారుకు రావలసిన డ్యూటీని కాపాడే పాలసీ. సరుకు విలువకు యజమాని వేరే పాలసీ తీసుకోవాలి. ఈ సంగతి పార్టీకి మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి.

వేర్‌హౌస్ కీపర్‌ను పెట్టుకోవడం తప్పనిసరి. గోడౌన్ పని, కస్టమ్స్ పద్ధతులు రెండూ తెలిసినవారై ఉండాలి, డిజిటల్ సిగ్నేచర్ ఉండాలి. ఇక్కడ డబ్బు మిగిల్చుకోవాలని చూడకండి. చుట్టాల అబ్బాయి ఖాళీగా ఉన్నాడని ఈ కుర్చీలో కూర్చోబెడితే అతనికీ మీకూ టెన్షనే. ఏదైనా కస్టమ్స్ బ్రోకర్ దగ్గరో ఇన్‌లాండ్ డిపోలోనో కొన్నేళ్లు చేసినవారు దొరికితే మంచి జీతం ఇచ్చి తెచ్చుకోండి.

గోడౌన్ ముందు ‘కస్టమ్స్ బాండెడ్ వేర్‌హౌస్’ అని అందరికీ కనబడేలా బోర్డు ఉండాలి. లైసెన్సు ఒకసారి వస్తే రద్దు చేసేదాకా, లేదా మీరే తిరిగి ఇచ్చేదాకా చెల్లుతుంది. ఇంకొకరి పేరుకు మార్చడం కుదరదు. ఇంకో మాట, 2016 మార్పుల తర్వాత పబ్లిక్ వేర్‌హౌస్‌కు కస్టమ్స్ వాళ్ల తాళం వేయడం పోయింది. బాండ్ ఆఫీసర్ అనే కస్టమ్స్ అధికారి ఉంటారు, కాగితాలు చూస్తారు, ఎప్పుడైనా తనిఖీకి వస్తారు. తాళం చెవి మాత్రం మీ దగ్గరే. ఇది సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, బరువంతా మీ భుజం మీదికి మారిందని అర్థం.

బండి గేటు దగ్గర ఆగినప్పుడు

ఈ అరగంట సరిగ్గా గడిస్తే మిగతా ఏడాది ప్రశాంతంగా ఉంటుంది.

దిగుమతిదారు వేర్‌హౌసింగ్ బిల్ ఆఫ్ ఎంట్రీ వేసి, డ్యూటీకి మూడు రెట్ల మొత్తానికి బాండ్, అంటే హామీ పత్రం రాసి, సరుకును గోడౌన్లో ఉంచడానికి 60వ సెక్షన్ కింద అనుమతి తీసుకున్నాకే సరుకు మీ దగ్గరికి బయలుదేరుతుంది. కంటైనర్‌కో లారీకో ఒకసారి వేస్తే కోయకుండా తీయలేని వన్‌టైమ్ లాక్ ఉంటుంది. మనవాళ్లు సీలు అంటారు.

బండిని గేటు బయటే ఆపండి. సీలు నంబరును కాగితంలోని నంబరుతో అంకె అంకె పోల్చండి. ఫోటో తీయండి. సీలు తెగినా, నంబరు తేడా ఉన్నా, గీసి అతికించినట్టు అనుమానం వచ్చినా దించొద్దు. వెంటనే బాండ్ ఆఫీసర్‌కు చెప్పాలి. నిబంధన ఇదే. డ్రైవర్ తొందరపెడతాడు, పార్టీ ఫోన్ చేసి ‘ముందు దించండి, తర్వాత చూసుకుందాం’ అంటారు. హమాలీలు కూడా కూలి పోతోందని గొణుగుతారు. హమాలీలకు ఆ రోజు కూలి ఇచ్చి పంపేయండి, దించడం మాత్రం వద్దు.

సీలు బాగుంటే లోపలికి రానివ్వండి. దించేటప్పుడు కీపర్ పక్కనే ఉండి పెట్టెలు లెక్కపెట్టాలి. మార్కెట్ యార్డులో దడువాయి ప్రతి బస్తా తూకం చూసి చిట్టీ రాసినంత శ్రద్ధగా రాయాలి: పెట్టె మీది గుర్తు, నంబరు, తడిసిందా, నలిగిందా, మూత ఊడిందా. పగిలిన పెట్టెను పగిలినట్టే ఫోటో తీయండి, సర్ది అతికించి కాదు. లెక్కలో తేడా వస్తే 24 గంటల్లోగా బాండ్ ఆఫీసర్‌కు తెలపాలి. తక్కువ వచ్చిన రోజే చెబితే అది దారిలో జరిగిన లోటు. పది రోజులాగి చెబితే అది మీ గోడౌన్‌లో జరిగిన లోటు అవుతుంది.

తర్వాత బిల్ ఆఫ్ ఎంట్రీ మీద, రవాణా కాగితం మీద అందిన లెక్క రాసి సంతకం చేయండి. ఒక్కో కాపీ మీ దగ్గర ఉంచుకోండి. సరుకు అందిందని బాండ్ ఆఫీసర్‌కూ, పంపిన చోటి అధికారికీ తెలియజేయండి. ఈ రశీదు కోసం దిగుమతిదారు ఎదురుచూస్తూ ఉంటారు. నెలలోగా అది చేరకపోతే వారి మీద పూర్తి డ్యూటీ పడే ప్రమాదం ఉంది. మీ ఆలస్యం వల్ల పార్టీ నష్టపోకూడదు కదా. అదే సాయంత్రం పంపేయండి.

లోపల సరుకు, గోడమీద క్యాలెండర్

నేల మీద గీతలు గీసి గడులు చేయండి, ప్రతి గడికి నంబరు ఇవ్వండి. ఒక బిల్ ఆఫ్ ఎంట్రీ సరుకు ఒకేచోట ఉండాలి. సరుకును ప్యాలెట్ల మీదే పెట్టండి. గోడకు, దొంతులకు మధ్య మనిషి నడిచేంత దారి వదలండి, అప్పుడే ఎలుకలు, చెమ్మ, కారుతున్న రేకు కంటపడతాయి. స్థానిక సరుకు ఒక్క బస్తా కూడా లైసెన్సు ఉన్న షెడ్డులోకి రానివ్వొద్దు. ఎండాకాలం మన దగ్గర రేకుల షెడ్డు లోపల కొలిమిలా కాగుతుంది. రంగులు, జిగురు, రసాయనాల డబ్బాలు తీసుకునే ముందు వాటి భద్రతా పత్రం అడిగి, ఎంత వేడి దాకా తట్టుకుంటాయో చూడండి. సరిపోకపోతే ఆ సరుకు వద్దని చెప్పడమే మేలు.

గడువులు జాగ్రత్త. మామూలు సరుకు ఒక ఏడాది ఉంచవచ్చు. ఆ ఏడాది సరుకు మీ గోడౌన్‌లో దిగిన రోజు నుంచి మొదలు కాదు, 60వ సెక్షన్ కింద అధికారి ఆర్డరు ఇచ్చిన తేదీ నుంచి లెక్క. ఓడరేవు నుంచి వరంగల్ చేరేసరికే కొన్ని రోజులు పోయి ఉంటాయి. కాబట్టి రిజిస్టరులో రెండు తేదీలూ రాసుకోండి, ఆర్డరు తేదీని ఎర్ర ఇంకుతో. సరైన కారణం చూపితే కమిషనర్ ఒక్కోసారి ఏడాదికి మించకుండా పొడిగించవచ్చు.

వడ్డీ లెక్క పార్టీకి మీరే గుర్తు చేయండి. అదే ఆర్డరు తేదీ నుంచి 90 రోజులు దాటితే కట్టాల్సిన డ్యూటీ మీద ఏడాదికి 15 శాతం వడ్డీ పడుతుంది. డ్యూటీ 40 లక్షలు అనుకుంటే 91వ రోజు నుంచి రోజుకు దాదాపు 1,640 రూపాయలు. చిన్న పరిశ్రమకు ఇది తక్కువేం కాదు. 75వ రోజున ఒక వాట్సాప్ సందేశం, ఒక ఈమెయిల్ పంపే అలవాటు పెట్టుకుంటే ఆ పార్టీ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. డ్యూటీ రేటు కూడా విడిపించడానికి బిల్లు వేసిన రోజున ఉన్నదే వర్తిస్తుందని చెప్పండి. బడ్జెట్ ముందు వాళ్లు దాన్నిబట్టి నిర్ణయించుకుంటారు.

నెల ముగిశాక పది రోజుల్లోగా నెలవారీ రిటర్ను దాఖలు చేయాలి. ఏ సరుకు గడువు ఏ నెలలో తీరుతుందో దాని ముందు నెల 10వ తేదీలోగా విడిగా తెలపాలి. అంటే జూన్‌లో తీరేవాటి జాబితా మే 10కల్లా ఇచ్చేయాలి. రికార్డులు కంప్యూటర్‌లో ఉండాలి. సరుకు వెళ్లిన తేదీ నుంచి కనీసం ఐదేళ్లు దాచాలి, డిజిటల్ కాపీ గోడౌన్‌లో కాకుండా వేరేచోట ఉండాలి. హనుమకొండలో మీ ఇంట్లో హార్డ్ డిస్కులో ఉంచినా సరే, గోడౌన్‌లోని బీరువాలో మాత్రం కాదు.

యజమాని వచ్చి సరుకు చూసుకోవచ్చు, వేరు చేసుకోవచ్చు, పాడుకాకుండా ప్యాకింగ్ సరిచేసుకోవచ్చు, కొనేవారికి చూపించుకోవచ్చు. 64వ సెక్షన్ ఇంతవరకే ఒప్పుకుంటుంది. ‘ఒక్క పీసు శాంపిల్‌కు తీసుకెళ్తా’ అంటే కుదరదు. చూడడానికి వచ్చిన ప్రతివారి పేరు, వచ్చిన సమయం, పోయిన సమయం గేటు పుస్తకంలో ఉండాలి.

నీళ్లో నిప్పో సరుకును పాడుచేస్తే ఏం చేయాలి? పోయిన సరుకు మీద డ్యూటీ మాఫీ చేయమని 23వ సెక్షన్ కింద, దెబ్బతిన్న సరుకుకు తగ్గించమని 22 కింద అడిగే వీలుంది. దొంగతనంగా పోయినదానికి 23 వర్తించదు. కాబట్టి దేనినీ కదిలించకముందే ఫోటోలు, వీడియో తీయండి. ఫైర్ స్టేషన్ నివేదికో వర్షపాతం వివరమో తీసుకోండి. ఆఫీసర్ వచ్చి చూసేదాకా చెత్త కూడా ఎత్తొద్దు.

బయటికి పంపడం

సరుకు గేటు దాటడానికి దారులు కొన్నే. ఇక్కడే వాడకానికైతే ఎక్స్‌-బాండ్ బిల్ ఆఫ్ ఎంట్రీ (సరుకును బాండ్ నుంచి విడిపించడానికి వేసే బిల్లు), డ్యూటీ కట్టినట్టు ఆధారం, విడుదల ఆర్డరు. ఎగుమతికైతే ఆ కాగితాలు. వేరే బాండెడ్ వేర్‌హౌస్‌కైతే దానికి కావలసిన కాగితాలు, మళ్లీ కొత్త సీలు. పార్టీ చూపించిన కాగితాన్ని నమ్మి గేటు తీయకండి, ఆన్‌లైన్‌లో మీరే సరిచూసుకోండి. వంద పెట్టెల్లో ముప్పై విడిపిస్తే ఆ ముప్పై పెట్టెల నంబర్లు రాసి, మిగతా డెబ్బైని అదే రోజు మళ్లీ లెక్కపెట్టండి.

గేటు దగ్గర ఇద్దరి సంతకం ఉండాలి. కీపర్ ఒకరు, కాపలాదారు ఒకరు. కీపర్ సెలవులో ఉంటే ఆ రోజు డెలివరీ లేదు. దీని మీద మీ బావమరిది ఫోన్ చేసినా, పెద్ద పార్టీ ఫోన్ చేసినా ఒకే సమాధానం ఉండాలి. సిబ్బందికి ఆ ధైర్యం యజమానిగా మీరే ఇవ్వాలి.

పార్టీతో ఒప్పందం

అద్దె చదరపు అడుగుకా, పెట్టెకా, రోజుకా అనేది ముందే రాసుకోండి. జీఎస్టీ విడిగా అని రాయండి. హమాలీ ఖర్చు, ఫోర్క్‌లిఫ్ట్ ఖర్చు, అధికారులు పనివేళల బయట వస్తే కట్టాల్సిన ఫీజు ఎవరిదో స్పష్టంగా ఉండాలి. గడువు తీరినా పార్టీ పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా రాయించండి. డ్యూటీ వసూలు కోసం కస్టమ్స్ వాళ్లు ఆ సరుకును 72వ సెక్షన్ కింద అమ్మించవచ్చు. అమ్మిన డబ్బును 150వ సెక్షన్ వరుసలో పంచుతారు: ముందు అమ్మకం ఖర్చులు, తర్వాత రవాణా చార్జీలు, తర్వాత డ్యూటీ, ఆ తర్వాతే గోడౌన్ బకాయి. మీ వంతు వచ్చేసరికి ఏమీ మిగలకపోవచ్చు. అందుకే కనీసం మూడు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకోండి, అద్దె రెండు నెలలు ఆగితే ఫోన్ చేయడం కాదు, స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

ఎప్పుడైనా ఈ పని మానుకోవాలనుకుంటే లైసెన్సు తిరిగి ఇచ్చేయవచ్చు. దానికి ముందు కట్టాల్సిన బకాయిలన్నీ తీరాలి, బాండ్ సరుకు ఒక్క పెట్టె కూడా లోపల మిగలకూడదు. పార్టీలకు కొన్ని నెలల ముందే చెప్పండి, కొత్త సరుకు తీసుకోవడం ఆపండి, ఉన్నవాటిని విడిపించడమో వేరే వేర్‌హౌస్‌కు మార్చడమో చేయించండి. షెడ్డు ఖాళీ అయినా, చివరి పెట్టె వెళ్లిన తేదీ నుంచి ఐదేళ్ల దాకా ఆ రిజిస్టర్లు, ఫోటోలు, కాపీలు మీ దగ్గరే ఉండాలి.